రిలక్టెంట్లీ అంటే ‘బలవంతంగా’ అని రాస్తే తప్పా?

పాలపిట్ట
సోమవారం, రాత్రి 9:20

అందరికీ నమస్కారం. అనువాదకుల పోస్టు పరీక్షకు చదువుతున్నాను. ఇవాళ కోచింగ్‌లో ఒక పేరా ఇచ్చారు. తల్లి కొడుకుని పై చదువులకు రైలెక్కించే సన్నివేశం. అందులో ఒక వాక్యం: ‘షీ రిలక్టెంట్లీ లెట్ గో ఆఫ్ హర్ సన్స్ హ్యాండ్.’ నేను ‘ఆమె బలవంతంగా కొడుకు చెయ్యి వదిలింది’ అని రాశాను. సారు ‘బలవంతంగా’ చుట్టూ ఎర్ర పెన్నుతో సున్నా చుట్టి మార్కు కోసేశారు. ఎందుకని అడిగేలోపు తర్వాతి టెస్ట్ మొదలైంది.

ఇంటికొచ్చి నిఘంటువు తీస్తే ‘అయిష్టంగా’ అని ఉంది. సరే, అది పెట్టి చదువుకున్నాను. ‘ఆమె అయిష్టంగా కొడుకు చెయ్యి వదిలింది.’ ఇది ఇంకా అధ్వానం. కొడుకంటేనే ఇష్టం లేనట్టు వినిపిస్తోంది. రెండు గంటలుగా ఈ ఒక్క మాట దగ్గరే కూర్చున్నాను. పరీక్ష దగ్గరికొచ్చేసింది, టెన్షన్‌గా ఉంది. తెలిసినవాళ్ళు చెప్పండి ప్లీజ్.

నర్సాపురం టీచర్
సోమవారం, రాత్రి 9:52

అమ్మాయ్, నీ చెవి బాగుంది. ‘అయిష్టంగా’ అక్కడ కుదరలేదని నిఘంటువు చూశాక కూడా నీకు అనిపించిందంటే సగం పని అయిపోయినట్టే.

జిల్లా పరిషత్ స్కూల్లో 31 ఏళ్ళు ఇంగ్లీషు చెప్పాను. ఈ మాట వచ్చినప్పుడల్లా పిల్లలతో ఒకటే అనేదాన్ని. రిలక్టెంట్లీ అని ఉంటే ఆ పని జరిగిపోయింది. చేసినవాళ్ళే చేశారు, ఇంకొకరు చేయించలేదు. చేస్తున్నంతసేపూ మనసు మాత్రం వెనక్కి లాగింది. ఈ మూడూ కలిస్తేనే ఆ మాట.

లాటిన్‌లో ‘లుక్టారి’ అంటే కుస్తీ పట్టడం. దానికి ముందు ‘రె’ చేరితే ఎదురు తిరిగి పెనుగులాడడం. ఆ పెనుగులాట మొదట్లో ఒంటితో చేసేది, తర్వాత మనసులోకి వెళ్ళింది. ఇంగ్లీషులో ‘ఇనెలక్టబుల్’ అనే మాట ఉంది చూశావా, ఎంత పెనుగులాడినా తప్పించుకోలేనిది అని, అదీ ఈ కుటుంబమే. కాబట్టి నీ వాక్యంలో తల్లికి కొడుకంటే ఇష్టం లేకపోవడం కాదు, వదలడం ఇష్టం లేదు. మన ‘అయిష్టంగా’ దేని మీద అయిష్టమో చెప్పదు. చెయ్యి మీదా, కొడుకు మీదా, వదలడం మీదా? అందుకే నీకు తేడా కొట్టింది.

ఇక ‘బలవంతంగా’. ‘పోలీసులు బలవంతంగా వ్యాన్ ఎక్కించారు’ అంటే బలం ఎదుటివాడి మీద. ‘బలవంతంగా నవ్వాడు’ అంటే బలం తన మీదే. నీ వాక్యంలో రెండోదే వినిపిస్తుందిలే, కానీ కొడుకు గట్టిగా పట్టుకుంటే ఆమె విడిపించుకుంది అనే అర్థం కూడా తోస్తుంది. మీ సారు బహుశా అందుకే కోశారు. పూర్తి మార్కు కొయ్యక్కర్లేదని నా అభిప్రాయం.

ఓరుగల్లు తమ్ముడు
సోమవారం, రాత్రి 10:05

‘ఇష్టం లేకుండా వదిలింది’ అంటే సరిపోతుంది కదా టీచర్ గారూ. ఎందుకింత కష్టం?

రాత్రి డెస్కు
సోమవారం, రాత్రి 11:48

తమ్ముడూ, అక్కడే ఆగు. పేపర్లో పద్నాలుగేళ్ళుగా ఇంగ్లీషు కాపీలు తెలుగు చేస్తున్నాను, ఈ ‘ఇష్టం లేకుండా’ చాలాసార్లు దెబ్బ కొట్టింది.

‘అమ్మాయికి ఇష్టం లేకుండా పెళ్ళి చేశారు.’ ఇందులో అమ్మాయి ఒప్పుకోలేదు. ‘ఇష్టం లేకపోయినా పెళ్ళి చేసుకుంది.’ ఇందులో ఒప్పుకుంది, మనసు లేదు. మొదటిది కేసు పెట్టాల్సిన సంగతి, రెండోది ఇంట్లో కూర్చుని ఏడవాల్సిన సంగతి. రిలక్టెంట్లీ ఎప్పుడూ రెండోదే. ‘లేకుండా’, ‘లేకపోయినా’ మధ్య రెండు మూడు అక్షరాలే తేడా. అచ్చులో అది తారుమారైతే మనిషి జీవితమే తారుమారైనట్టు చదువుకుంటారు.

వార్తల్లో ఈ మాట ఎక్కువగా ‘ఎగ్రీడ్’, ‘అడ్మిటెడ్’, ‘యాక్సెప్టెడ్’ పక్కన వస్తుంది. వాటికి ‘ఇష్టం లేకపోయినా ఒప్పుకున్నారు’ అని రాస్తే ఏ ఇబ్బందీ ఉండదు. నాయకుల విషయంలో ‘తప్పనిసరి పరిస్థితుల్లో’ అని రాసే అలవాటు ఉంది మా వాళ్ళకి. అది నాకు నచ్చదు. పరిస్థితి గురించి చెబుతుంది కానీ మనసు గురించి చెప్పదు.

అసలు చిక్కు పాసివ్ వాయిస్‌లో ఉంది. ‘ది బాయ్ వాజ్ రిలక్టెంట్లీ సెంట్ టు ది హాస్టల్.’ ఇందులో మనసు లేనిది ఎవరికి? పంపినవాళ్ళకా, వెళ్ళినవాడికా? ఇంగ్లీషు వాక్యం రెండు అర్థాలకీ చోటిస్తుంది. తెలుగులో మనం రాసేసరికి ఒకరిని ఎంచుకోక తప్పదు. ‘పిల్లాణ్ణి పంపలేక పంపలేక హాస్టల్‌కి పంపారు’ అంటే తల్లిదండ్రులు. ‘ఇష్టం లేకపోయినా పిల్లాడు హాస్టల్‌కి వెళ్ళాడు’ అంటే వాడు. రాత్రి ఒంటిగంటకి ఇలాంటి వాక్యం వస్తే నేను ముందు, వెనక పేరాలు చదవకుండా వేలు కదపను. ఎవరి బాధని ఎవరి ఖాతాలో వేస్తున్నానో తెలియాలి కదా.

పాలపిట్ట
మంగళవారం, ఉదయం 6:10

అన్నా, ఇది నేను ఎప్పుడూ ఆలోచించలేదు. పాసివ్ అనగానే ‘బడినది’, ‘చేయబడెను’ అని తిప్పెయ్యడమే నేర్పారు మాకు. ‘పిల్లాడు అయిష్టంగా హాస్టల్‌కి పంపబడ్డాడు’ అని రాసేదాన్ని నేనైతే. ఇప్పుడు చదివితే ఎవరికీ ఏ మనసూ లేనట్టుంది.

‘పంపలేక పంపలేక’ అన్నారు చూడండి, అది పట్టుకుంది నన్ను. మా అమ్మమ్మ అచ్చం అలాగే అంటుంది.

సీమ సద్ది
మంగళవారం, ఉదయం 8:31

నాకు ఇంగ్లీషు అంతగా రాదు, కానీ ఈ మాట నాకు ఒక దృశ్యంగా తెలుసు. చెప్తాను.

2006లో నాకు ఇంజినీరింగ్ సీటొచ్చింది. ఫీజుకు డబ్బు తక్కువ పడింది. మా జేజి చేతికి రెండు బంగారు గాజులు ఉండేవి, ఆమె పెళ్ళప్పటివి. ఎప్పుడూ తీసింది లేదు. వయసుకి మణికట్టు లావెక్కి గాజు కదిలేది కాదు. ఆ రోజు నాయన బ్యాంకుకి పోవాలని వాకిట్లో సైకిల్ పట్టుకుని నిలబడినాడు. జేజి తొట్టి పక్కన బండమీద కూర్చుని చేతులకి సబ్బు రాసుకుంది. ఎడమ చేతి గాజు వచ్చేసింది. కుడి చేతిది బొటనవేలి ఎముక దగ్గర ఆగింది. గాజు ఆగిందా, ఆమె ఆగిందా నాకు ఈ రోజుకీ తెలియదు. తిప్పింది, మళ్ళీ వెనక్కి నెట్టుకుంది, ఇంకొంచెం సబ్బు రాసుకుంది. చివరికి వచ్చింది. రెండూ కొంగుతో తుడిచి నాయన తువ్వాల కొసకు తనే ముడేసి ఇచ్చింది. ఒక్క మాట అనలేదు. ఆ పొద్దంతా గాజులుండిన చోట తెల్లగా పడిన చారని బొటనవేలితో రుద్దుకుంటానే ఉంది.

అదే వారం మా చిన్నాయన ఐదు వేలు ఇచ్చినాడు. ఇస్తా ‘మీకిచ్చేదానికే సంపాదిస్తాండా నేను’ అన్నాడు. తర్వాత నాలుగు ఉగాదులకు ఆ ఐదు వేల మాట విన్నాను.

ఇద్దరికీ ఇవ్వడానికి మనసు రాలేదు. ఇద్దరూ ఇచ్చినారు. కానీ రెండూ ఒకటి కాదు. మా వైపు జేజి ఇచ్చిన దానికి ‘చెయ్యి రాకపోయినా ఇచ్చింది’ అంటారు, చిన్నాయన ఇచ్చిన దానికి ‘ఏడ్చి ఇచ్చినాడు’ అంటారు. ఇంగ్లీషులో ఈ రెండిటికీ ఒకటే మాటనా?

నర్సాపురం టీచర్
మంగళవారం, ఉదయం 10:15

నాయనా, చదివి కాసేపు ఏమీ రాయలేకపోయాను. మీ జేజి చల్లగా ఉండాలి.

ఒకటే మాట కాదు, రెండు. మీ జేజి ఇచ్చింది రిలక్టెంట్లీ. మీ చిన్నాయన ఇచ్చింది గ్రడ్జింగ్లీ. ఆ రెండో మాట పాత ఫ్రెంచి నుంచి వచ్చింది, అక్కడ దాని అర్థం సణగడం, గొణగడం. చికాకు మనిషిని ఇంగ్లీషులో ‘గ్రౌచ్’ అంటారే, అదీ ఆ కొమ్మే. రిలక్టెంట్లీలో పోట్లాట లోపల, తనతో తనకి. గ్రడ్జింగ్లీలో అది బయటికి, ఎదుటివాడి మీదికి వస్తుంది. నీకు ఇవ్వాల్సి వచ్చిందే అన్న అక్కసు ఉంటుంది.

దీనికి మన తెలుగులోనే మంచి సాక్ష్యం ఉంది. బైబిలులో కొరింథీయులకు రాసిన రెండో పత్రిక, 9వ అధ్యాయం, 7వ వచనం. కానుక ఎలా ఇవ్వాలో చెప్పే చోటు. 1611 నాటి ఇంగ్లీషు అనువాదంలో ‘గ్రడ్జింగ్లీ’ అని ఉంటుంది. తెలుగులో ‘సణుగుకొనకయు బలవంతముగా కాకయు’ అని చేశారు. సణుగుకొనక! ఆ ఇంగ్లీషు మాట పుట్టుకలోని గొణుగుడుని అలాగే పట్టుకున్నారు. ఈ కాలపు ఇంగ్లీషు అనువాదాలు కొన్నింటిలో అదే చోట రిలక్టెంట్లీ అని మార్చారు. పాలపిట్టమ్మా, నీకు పనికొచ్చేది ఇంకోటుంది. ఆ వచనం ‘సణుగుకొనక’ని, ‘బలవంతముగా’ని రెండు వేరు సంగతులుగా చెబుతోంది. ఒకటి లోపలి అయిష్టం, రెండోది బయటి ఒత్తిడి. మీ సారు చుట్టిన ఎర్ర సున్నాకి ఇంతకంటే మంచి కారణం నాకు దొరకదు.

గ్రడ్జింగ్ రెస్పెక్ట్ అని కూడా అంటారు. మనకి పడనివాడే, అయినా వాడి పనితనం చూసి లోపల్లోపల మెచ్చుకోవలసి వస్తుంది. దానికి ‘ఒప్పుకోక తప్పని గౌరవం’ అని రాసేదాన్ని నేను.

ఓరుగల్లు తమ్ముడు
మంగళవారం, మధ్యాహ్నం 1:40

సద్ది అన్నా, ‘చెయ్యి రాలేదు’ మా దగ్గర కూడా అంటారు. ఇప్పుడే మా అమ్మని అడిగి రాసుకొచ్చాను. ఇవ్వడానికి చెయ్యి రాలేదు. పోవడానికి కాళ్ళు రాలేదు. చెప్పడానికి నోరు రాలేదు. ఒప్పుకోవడానికి మనసు రాలేదు. అన్నింటిలోనూ మనిషి కాదు అనలేదు, ఒంట్లో ఒక భాగం కాదన్నది! దీనికి తోడు మా అమ్మ ‘పోబుద్ధి కాకున్నా పోయిన’ అంటుంది. వాళ్ళక్క ఇంట్లో పెళ్ళికి వారం ముందు తగవైంది, అయినా పోయి రెండు రోజులు పని చేసి వచ్చింది. దాని గురించి చెప్పేటప్పుడు ఈ మాటే వాడింది.

రాత్రి నేను రాసిన ‘ఇష్టం లేకుండా’ వెనక్కి తీసుకుంటున్నా.

కాయిల్ వైండింగ్
మంగళవారం, మధ్యాహ్నం 3:05

ఎలక్ట్రికల్ వాళ్ళు ఎవరైనా ఉన్నారా ఇక్కడ? రిలక్టెన్స్ అనే మాట నాకు ముందు తెలిసింది ఇంగ్లీషు పుస్తకంలో కాదు, మాగ్నెటిక్ సర్క్యూట్స్ పాఠంలో. అయస్కాంత ప్రవాహం ఒక దారిలో పోవడం ఎంత కష్టమో చెప్పేది అది. ఈ మాటని అయస్కాంతాల్లోకి తెచ్చింది ఆలివర్ హెవిసైడ్ అనే ఇంగ్లీషు శాస్త్రవేత్త, 1888లో. అంతకు ముందు దాన్ని మాగ్నెటిక్ రెసిస్టెన్స్ అనేవాళ్ళు.

టీచర్ గారు చెప్పిన మూడు సంగతులూ ఇక్కడ కళ్ళతో చూడొచ్చు. అయస్కాంత ప్రవాహం ఇనుములోంచి హాయిగా పోతుంది. మధ్యలో చిన్న గాలి సందు పెట్టండి. ప్రవాహం ఆగదు, సందు దాటి అవతలికి వెళ్తుంది. కానీ అంతే ప్రవాహం కావాలంటే కాయిల్‌కి ఎక్కువ చుట్లు వేయాలి, లేదా ఎక్కువ కరెంటు ఇవ్వాలి. ఒక్కో వెబర్ (ప్రవాహం కొలిచే యూనిట్)కి ఎన్ని ఆంపియర్ టర్న్స్ (కరెంటుని చుట్లతో గుణిస్తే వచ్చేది) కావాలి అన్నదే దాని కొలత. రెసిస్టెన్స్‌లో కరెంటు పారినంతసేపూ శక్తి వేడిగా పోతూనే ఉంటుంది. రిలక్టెన్స్ దగ్గర అలా పోదు, ఆ గాలి సందులోనే నిలవ ఉంటుంది. ఈ తేడా నాకు ఎప్పుడూ నచ్చుతుంది.

రిలక్టెన్స్ మోటారులో అయితే ఇనుప రోటర్ ఎటు తిరిగితే రిలక్టెన్స్ తగ్గుతుందో అటు తిరుగుతూ పోతుంది. మోటారు పని చేసేదే దాని మీద. ‘అడ్డం పడడం’ అని రాస్తే ఈ మాటకి అన్యాయం చేసినట్టే. దారి ఇస్తుంది, కాకపోతే ఎక్కువ అడుగుతుంది.

పాలపిట్ట
మంగళవారం, సాయంత్రం 5:30

‘దారి ఇస్తుంది, కాకపోతే ఎక్కువ అడుగుతుంది.’ నోట్సులో రాసుకున్నాను అండీ.

ఒక డౌటు. హెసిటెంట్లీ, అన్‌విల్లింగ్లీ, ఇన్‌వాలంటరిలీ, ఇవి కూడా ఒకదాని బదులు ఒకటి వాడేయొచ్చా? మా మెటీరియల్‌లో అన్నీ ఒకే వరసలో పర్యాయపదాలని ఇచ్చారు.

నర్సాపురం టీచర్
మంగళవారం, సాయంత్రం 6:20

వాడకూడదు. ఆ వరస ఎవరిచ్చారో గానీ పిల్లల్ని తప్పుదారి పట్టిస్తుంది.

హెసిటెంట్లీ అంటే ఇంకా తేల్చుకోలేదు. తటపటాయిస్తూ, వెనకా ముందూ ఆడుతూ. రిలక్టెంట్లీలో తేల్చుకోవడం అయిపోయింది, నచ్చలేదంతే. కొత్త కోడలు వంటింట్లోకి వెళ్ళి ‘ఉప్పు ఎక్కడుంది అత్తయ్యా’ అని అడగడం హెసిటెంట్లీ. పుట్టింటికి వెళ్ళే రోజున అత్తగారి ఆరోగ్యం బాగోలేక ప్రయాణం ఆపుకోవడం రిలక్టెంట్లీ.

అన్‌విల్లింగ్లీ ఇంకాస్త గట్టిది. సమ్మతి దాదాపు లేనట్టే. ఇన్‌వాలంటరిలీలో మనసుకి పనే లేదు. తెలుగు మీడియంలో చదివితే ‘అసంకల్పిత ప్రతీకార చర్య’ గుర్తుండాలి, వేడి గిన్నె తగలగానే చెయ్యి వెనక్కి వచ్చేస్తుందే, అది. అక్కడ ఇష్టం, అయిష్టం అనే ప్రశ్నే రాదు.

ఇంకోటి, ఇది పెద్ద పెద్దవాళ్ళు కూడా తప్పు చేసేది. ‘హి వాజ్ రెటిసెంట్ టు కమ్’ అని రాస్తుంటారు. రెటిసెంట్ అంటే మాట బయటపెట్టనివాడు, మితభాషి. మౌనంగా ఉండడం అనే లాటిన్ మాట నుంచి వచ్చింది. రావడానికి మనసు లేకపోతే రిలక్టెంట్. స్పెల్లింగులో ‘టి’ తర్వాత ‘ఎ’ వస్తుంది, ‘ఇ’ కాదు. పలికేటప్పుడు ఊనిక ‘లక్’ మీద.

టెక్సాస్ బాబాయ్
మంగళవారం, రాత్రి 9:15 (మీకు బుధవారం ఉదయం)

పొద్దున ఆఫీసులో కూర్చుని మొత్తం చదివాను. ఇంగ్లీషులో ఈ మాటకి ఇంకో వాడుక ఉంది, ఎవరూ చెప్పలేదు కాబట్టి రాస్తున్నాను. మూడో మనిషి గురించి చెప్పేటప్పుడు వేరు, ‘మేము’ అని మన గురించి రాసుకునేటప్పుడు వేరు.

ఇక్కడ మా ఊళ్ళో ఆదివారాలు పిల్లలకి తెలుగు చెప్పేవాణ్ణి, ఆరేళ్ళు. పద్నాలుగు మంది పిల్లలతో మొదలై పోయినేడు ముగ్గురికి వచ్చింది. చివరికి ఆపేస్తున్నామని నేనే ఉత్తరం రాయాల్సి వచ్చింది. ఇంగ్లీషులో ‘వి హావ్ రిలక్టెంట్లీ డిసైడెడ్’ అని మొదలుపెట్టాను. ఆ మాట ఇక్కడ ఉత్తరాల్లో కనబడితే రెండు సంగతులు అర్థమవుతాయి. రాసేవాళ్ళు బాధ పడుతున్నారు, అయినా నిర్ణయం మారదు. బతిమాలడానికి ఫోన్ చెయ్యొద్దని మర్యాదగా చెప్పడం అది.

తాతలు, అమ్మమ్మలు చదువుకుంటారని కింద తెలుగులోనూ రాద్దామని కూర్చున్నాను. ‘అయిష్టంగా నిర్ణయించాం’ అంటే ఎవరో నెత్తిన రుద్దినట్టుంది. ‘చింతిస్తున్నాం’ అంటే రైలు ఆలస్యమైనప్పుడు మైకులో చెప్పినట్టుంది. చాలాసేపు ఆలోచించి ‘మనసొప్పకపోయినా తరగతి ఆపేస్తున్నాం’ అని రాశాను. మర్నాడు ఒక పెద్దావిడ ఫోన్ చేసి ‘మీ మనసు ఒప్పకపోతే మరెందుకు ఆపుతున్నారు బాబూ, మా మనవణ్ణి ఒక్కణ్ణే కూర్చోబెట్టి చెప్పండి’ అన్నారు. ఇంగ్లీషులో తలుపు మూసిన మాట తెలుగులోకి వచ్చేసరికి తలుపు తీసింది. ఇప్పుడు ఆ పిల్లాడు శనివారం సాయంత్రాలు మా ఇంటికొస్తున్నాడు, గుణింతాలు దాటి వత్తుల్లో ఉన్నాడు.

కోర్టు మెట్లు
బుధవారం, ఉదయం 7:45

వకీలుని. అనువాదకుల పోస్టు అన్నారు కాబట్టి ఇది తెలిసి ఉండాలి.

చట్టం దృష్టిలో రిలక్టెంట్లీ చేసిన సంతకం సంతకమే. 1872 నాటి కాంట్రాక్టు చట్టంలో 14వ సెక్షన్ స్వేచ్ఛాయుత సమ్మతి అంటే ఏమిటో చెబుతుంది. బెదిరింపు, అనుచిత ప్రభావం, మోసం, తప్పుడు సమాచారం, పొరపాటు, వీటి వల్ల వచ్చిన సమ్మతి స్వేచ్ఛాయుతం కాదని ఒక్కోటీ పేరు పెట్టి చెబుతుంది. ఆ జాబితాలో ‘మనసొప్పకపోవడం’ లేదు. అందుకే కోర్టు కాగితంలో రిలక్టెంట్లీని ‘బలవంతంగా’ అని రాస్తే అది మాట తేడా కాదు, కేసు తేడా. లేని బెదిరింపుని ఉన్నట్టు చూపించినట్టవుతుంది.

మనసొప్పలేదన్న సంగతికి చట్టం విలువ ఇచ్చే చోటు ఒకటుంది. భూసేకరణలో పరిహారం తీసుకునేటప్పుడు. 1894 చట్టం 31వ సెక్షన్ ప్రకారం మొత్తం చాలదనుకునే రైతు అభ్యంతరం తెలుపుతూ డబ్బు తీసుకునే వీలుండేది. ఆఫీసుల్లో ‘అండర్ ప్రొటెస్ట్’ అనే అంటారు. అలా తీసుకోకపోతే ఎక్కువ పరిహారం కోసం 18వ సెక్షన్ కింద దరఖాస్తు పెట్టుకునే హక్కు పోయేది. దాని స్థానంలో వచ్చిన 2013 చట్టంలోనూ 77వ సెక్షన్‌లో ఇదే ఏర్పాటు, దరఖాస్తు మాత్రం 64వ సెక్షన్ కింద.

మా నాన్నగారు ఎకరం ముప్పై సెంట్ల మాగాణికి డబ్బు తీసుకున్న రోజు నేను పక్కనే ఉన్నాను, డిగ్రీ చదువుతున్నాను. కాగితం మీద సంతకం పెట్టే ముందు పెన్ను క్యాప్ మూడు సార్లు పెట్టి తీశారు. ఆయన మనసు ఒప్పలేదని ఆ గదిలో ఉన్న అందరికీ కనబడుతోంది. కాగితం మీద మాత్రం ఎక్కడా లేదు. రాయాలని మాకు ఎవరూ చెప్పలేదు. నేను లా చదవడానికి అదే కారణం.

సీమ సద్ది
బుధవారం, ఉదయం 8:20

సార్, ఇది మా ఊరి గ్రూపులో పెట్టుకోవచ్చా? మా మండలంలో ఇప్పుడు రోడ్డుకి కొలతలు వేస్తున్నారు.

కోర్టు మెట్లు
బుధవారం, ఉదయం 8:26

తప్పకుండా పెట్టండి. డబ్బు తీసుకునే ముందు కాగితం ఒకసారి దగ్గర్లోని వకీలుకి చూపించమనండి. ఏ చట్టం కింద నోటీసు ఇచ్చారో అది కూడా చూడాలి.

ఉద్దానం కొబ్బరి
బుధవారం, మధ్యాహ్నం 12:30

‘పంపలేక పంపలేక పంపారు’ దగ్గరికి మళ్ళీ వస్తాను. ఈ జంట మాట మన తెలుగు సొత్తు, కానీ జాగ్రత్తగా వాడాలి.

‘రాక రాక వచ్చారు’ అంటే ఇష్టం లేకుండా వచ్చారని కాదు. ఎన్నాళ్ళకో వచ్చారు, కూర్చోండి, భోంచేసి వెళ్ళండి అని. ‘రాలేక రాలేక వచ్చారు’ అంటే ఒంట్లో ఓపిక లేకో మనసు లేకో వచ్చారని. ఒక్క ‘లే’ తీసేస్తే అర్థం తిరగబడుతుంది. ‘అడగక అడగక అడిగాడు, కాదనకు’ అంటే ఎప్పుడూ అడగనివాడు అడిగాడని. ‘అడగలేక అడగలేక అడిగాడు’ అంటే మొహమాటం చంపుకుని అడిగాడని.

ఇంకా ‘ఇచ్చీ ఇవ్వనట్టు ఇచ్చాడు’, ‘నవ్వీ నవ్వనట్టు నవ్వింది’ ఉన్నాయి. ఇవి రిలక్టెంట్లీ కాదు, పని సగమే జరిగింది. హాఫ్ హార్టెడ్లీకి దగ్గర. ‘మొక్కుబడిగా’ కూడా అంతే, అక్కడ మనసు వెనక్కి లాగడం లేదు, అసలు మనసే అక్కడ లేదు.

రాత్రి డెస్కు
బుధవారం, మధ్యాహ్నం 2:10

రాక రాక, రాలేక రాలేక! ఇన్నేళ్ళుగా రెండూ వాడుతున్నాను, పక్కపక్కన పెట్టి చూడలేదు. చిన్న సందేహం. ‘ఇవ్వలేక ఇవ్వలేక ఇచ్చాడు’ అన్నప్పుడు నాకు పిసినారితనం వినిపిస్తుంది. సద్ది గారి చిన్నాయన గుర్తొస్తున్నారు. మరి ‘వదల్లేక వదల్లేక వదిలింది’లో ప్రేమ వినిపిస్తుంది. కట్టు ఒకటే కదా?

ఉద్దానం కొబ్బరి
బుధవారం, మధ్యాహ్నం 2:45

కట్టు ఒకటే, క్రియ వేరు. ఇవ్వలేకపోతే చేతిలో ఉన్నది డబ్బు. వదల్లేకపోతే చేతిలో ఉన్నది మనిషి. ఎవరి చేతిలో ఏముందో చూసి చదువుకుంటాం మనం. జేజి గారి విషయంలో ‘ఇవ్వలేక ఇవ్వలేక’ అంటే నేను ఒప్పుకోను. అక్కడ ‘చెయ్యి రాకపోయినా’ అన్న ఆయన మాటే సరైంది.

పాలపిట్ట
బుధవారం, రాత్రి 10:05

అందరికీ ఎలా థ్యాంక్స్ చెప్పాలో తెలియట్లేదు. ఇవాళ క్లాస్ అయ్యాక సారు దగ్గరికి వెళ్ళాను. నోట్సులో మూడు వాక్యాలు రాసుకుని వెళ్ళాను.

మనసొప్పకపోయినా కొడుకు చెయ్యి వదిలింది.
చెయ్యి రాకపోయినా కొడుకు చెయ్యి వదిలింది.
వదల్లేక వదల్లేక కొడుకు చెయ్యి వదిలింది.

రెండోది నేనే కొట్టేశాను, ‘చెయ్యి’ రెండుసార్లు వచ్చి గందరగోళంగా ఉంది. సారు మూడోది రెండుసార్లు పైకి చదివారు. ‘వాళ్ళమ్మ ప్లాట్‌ఫారం మీద నిలబడినట్టే ఉంది’ అన్నారు. కోసిన మార్కు తిరిగి వేశారు. మీ టీచర్ గారు చెప్పిన మూడు సంగతులు బోర్డు మీద రాయించారు నాతో.

తర్వాత ఒక ప్రశ్న వేశారు. ‘ది మినిస్టర్ రిలక్టెంట్లీ అడ్మిటెడ్ ది మిస్టేక్’ అని వస్తే ‘ఒప్పుకోలేక ఒప్పుకోలేక ఒప్పుకున్నారు’ అని రాస్తావా అని. నేను ‘తప్పక ఒప్పుకున్నారు’ అని చెప్పాను. సారు తల ఊపారు కానీ పూర్తిగా ఒప్పుకున్నట్టు లేదు. సరైనదేనా అది?

రాత్రి డెస్కు
బుధవారం, రాత్రి 11:30

అర్థం సరిపోయింది, కానీ ‘తప్పక’ రెండు పక్కలా కోస్తుంది. ‘తప్పక వస్తాను’ అంటే ఖాయంగా వస్తానని. ‘తప్పక వచ్చాను’ అంటే వేరే దారి లేక వచ్చానని. రాబోయే పనికి మాట ఇచ్చినట్టు, అయిపోయిన పనికి వాపోయినట్టు. నీ వాక్యం జరిగిపోయిన సంగతి కాబట్టి పరవాలేదు. అదే రేపు ‘మినిస్టర్ విల్ రిలక్టెంట్లీ అడ్మిట్’ అని ఇస్తే ‘తప్పక ఒప్పుకుంటారు’ అని మాత్రం రాయకు. ‘ఇష్టం లేకపోయినా ఒప్పుకుంటారు’ అని రాయి.